అరవై గజాల ఇల్లు, డెబ్బై ఎనిమిది లక్షల వేలం

వేలం అనగానే చౌక అన్న నమ్మకం మన మధ్యతరగతి ఇళ్లలో బలంగా నాటుకుపోయింది. బ్యాంకు జప్తు చేసిన ఇల్లు పేపర్లో పడితే చాలు, బయటి ధరకంటే బాగా తక్కువకు వస్తుందని ఎవరో ఒకరు ఆశ పెడతారు. హైదరాబాద్ నడిబొడ్డున ఇరుకు సందుల్లోని చిన్న ఇళ్ల విషయంలో ఈ మాట తరచు తప్పుతుంది. నోటీసులో వేసిన ధరే బజారు ధరను దాటిపోయి ఉంటుంది. అయినా కొనాలనుకునేవాళ్లకు బలమైన కారణాలే ఉంటాయి. అందుకే ఈ విషయాన్ని ఒక్క గొంతుతో రాయడం నాకు న్యాయమనిపించలేదు.

ఇల్లు నల్లకుంటలో ఒక సందులోది అనుకోండి. 60 గజాలు. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. కట్టి పాతికేళ్లు. రిజర్వు ధర 78 లక్షలు. కొందామంటున్న మేనకోడలు విద్యానగర్‌లో అద్దెకుంటూ కాలేజీలో పాఠాలు చెబుతుంది. వద్దంటున్న మామయ్య బ్యాంకులో మొండిబాకీల వసూలు విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఇల్లూ, మనుషులూ, ఆ ఇంటి అంకెలూ ఊహించినవి. వాళ్లు మాట్లాడే చట్టం మాత్రం నిజమైనదే.

మేనకోడలు: నోటీసు చూశారుగా మామయ్యా, ఏమంటారు?

మామయ్య: గజం లక్షా ముప్ఫై వేలు పడుతోందమ్మా. శంకరమఠం వైపు పెద్ద రోడ్డు మీద అయితే ఆ మాట అడగొచ్చు. పన్నెండడుగుల సందులో తొంభై వేలు దాటదు. అంటే స్థలానికి 54 లక్షలు. రెండు పోర్షన్లూ కలిపి కట్టడం 840 అడుగులు. ఇవాళ కట్టాలంటే అడుక్కి రెండు వేలనుకున్నా 17 లక్షల లోపే. పాతికేళ్ల కట్టడానికి అందులో సగం ఇవ్వడమే ఎక్కువ. ఎటు తిప్పినా 62 లక్షలు. వాళ్లు 78 దగ్గర మొదలుపెడుతున్నారు. పాట అక్కణ్ణించి పైకే పోతుంది గానీ కిందికి రాదు.

మేనకోడలు: ఆ తొంభై వేలు కాగితం మీద రాసుకునే ధరా, చేతులు మారే ధరా? పక్క సందులో ఒక ఇల్లు చూశాం. డెబ్బై అన్నాడు. యాభై రిజిస్ట్రేషన్‌లో చూపిస్తాం, ఇరవై నగదు తెండి అన్నాడు. మా ఇద్దరివీ జీతాలు. లెక్కలో లేని ఇరవై లక్షలు మేమెక్కడ తేవాలి? కాగితం మీద యాభై ఉంటే బ్యాంకు ఆ యాభై మీదే లోన్ ఇస్తుంది. వేలంలో ప్రతి రూపాయీ బ్యాంకు ఖాతాలోంచే వెళ్తుంది. ఈ ఊళ్లో జీతగాళ్లు తలెత్తుకుని ఇల్లు కొనగలిగిన దారి ఇదొక్కటే అనిపిస్తోంది నాకు.

మామయ్య: ఆ బాధ నాకు తెలుసమ్మా. నల్లడబ్బు లేనివాళ్లను ఈ నగరం శివార్లకు తోసేస్తోంది, అది అన్యాయమే. నేను చెప్పింది చేతులు మారే ధరే. కానీ నువ్వన్న ఇల్లు డెబ్బైకి అమ్ముడైందా, ఇంకా అడుగుతూనే ఉన్నాడా?

మేనకోడలు: ఇంకా ఉంది. నాలుగు నెలలైంది.

మామయ్య: అడిగిన ధర సాక్ష్యం కాదు. ఎవరైనా ఇచ్చి కొంటే అది సాక్ష్యం.

మేనకోడలు: సరే. మరి 78 అన్నది బ్యాంకు గాల్లోంచి తీసింది కాదుగా. గుర్తింపు పొందిన వాల్యుయర్ చేత విలువ కట్టించాకే రిజర్వు ధర పెట్టాలని రూల్ ఉందని మీరే చెప్పారు ఒకసారి.

మామయ్య: ఉంది. బ్యాంకులు తాకట్టు ఆస్తుల్ని జప్తు చేసి అమ్ముకోనిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద చేసిన నిబంధనల్లో ఎనిమిదోది. కానీ ఆ విలువ ఎవరి కోసం కడుతున్నారో ఆలోచించు. తక్కువ వేస్తే బాకీదారు ట్రిబ్యునల్‌కు వెళ్లి నా ఇల్లు కారుచౌకగా అమ్మేశారంటాడు. ఆడిట్‌వాళ్లు ఫైలు తెరిచి ఎందుకు తగ్గించావంటారు. లోన్ ఇచ్చినరోజు కట్టిన విలువ అదే ఫైల్లో ఉంటుంది, దానికంటే బాగా కిందికి దిగాలంటే ఆఫీసరు చేయి వణుకుతుంది. ఎక్కువ వేస్తే ఏమవుతుంది? పాటకు ఎవరూ రారు, మళ్లీ నోటీసు వేస్తారు. ఎక్కువ వేసిన ఆఫీసరును అడిగేవాళ్లుండరు. రిజర్వు ధర బ్యాంకు తనను తాను కాపాడుకునే అంకె. ఆ ఇంట్లో వెలుతురు వస్తుందా, సందులోకి ఆటో తిరుగుతుందా అన్నవి అందులోకి పెద్దగా రావు.

ఇక్కడ నేను మామయ్య పక్షం. జప్తు ఇంటి ధర చూసి జనం మొదట వేసే ప్రశ్న, దీనిమీద బ్యాంకుకు ఎంత బాకీ ఉంది అని. ఆ అంకె కొనేవాడికి పనికిరాదు. పక్కింటివాడు అమ్మితే ఎంతకు కొంటావో ముందు తేల్చుకుని, వేలం వల్ల కోల్పోయే హక్కులకూ భద్రతకూ అందులోంచి తగ్గించుకోవాలి. వేలమన్న కారణానికి దానిమీద కలపాల్సింది ఏదీ లేదు. మేనకోడలు చెప్పిన తెల్లడబ్బు సౌకర్యం ఒక్కటే మినహాయింపు. దానికి ఎంత విలువ కట్టాలన్నదే వీళ్ల అసలు తగాదా.

మేనకోడలు: నా లెక్క వినండి. ఇప్పుడు అద్దె 18 వేలు కడుతున్నాం. కింద మేముండి పై పోర్షన్ ఇస్తే పది వేలు వస్తాయి. అంటే నెలకు 28 వేలు మిగులు. యాభై లక్షల లోన్‌కు, ఎనిమిదిన్నర వడ్డీ, ఇరవై ఏళ్లు, 43 వేల చిల్లర. తేడా పదిహేను వేలు. అది మేం ఎలాగూ చిట్టీకి కడుతున్నదే.

మామయ్య: యాభై ఎందుకన్నావు? 78కి ఎనభై శాతం 62 లక్షలు కదా?

మేనకోడలు: మీరే అన్నారుగా, లోన్ ఇచ్చే బ్యాంకు మళ్లీ తన వాల్యుయర్‌ను పంపుతుంది, కొన్న ధర, కట్టిన విలువ రెండిట్లో తక్కువదాని మీదే లోన్ అని. మీ 62 లక్షలు నిజమైతే ఎనభై శాతం 49 లక్షల 60 వేలు.

మామయ్య: లెక్క బాగానే పట్టావు. ఇప్పుడు మిగతా సగం చెయ్యి. 78కి పాడితే లోన్ పోను ఇంటికే 28 లక్షల 40 వేలు. రిజిస్ట్రేషన్ 2021 జులై నుంచి ఏడున్నర శాతమైంది. వేలంలో పాడిన మొత్తం మీద కట్టాలి గనక 5 లక్షల 85 వేలు. మరమ్మతులకు ఐదు లక్షలు చేతిలో ఉండాలి. ఎంతైంది?

మేనకోడలు: 39 లక్షల పాతిక వేలు.

మామయ్య: అదే ఇల్లు 62కి వస్తే?

మేనకోడలు: ఇంటికి 12 లక్షల 40 వేలు, రిజిస్ట్రేషన్ 4 లక్షల 65 వేలు, మరమ్మతులు ఐదు. మొత్తం 22 లక్షల చిల్లర.

మామయ్య: ధర పెరిగింది 16 లక్షలు. నీ చేతి డబ్బు పెరిగింది 17 లక్షలు. విలువను మించి ఇచ్చే ఒక్క రూపాయికి కూడా బ్యాంకు తోడు రాదమ్మా. అదంతా నీ పీఎఫ్‌లోంచీ, మీ ఆయన ఎఫ్‌డీలోంచీ, నీ గాజుల్లోంచీ రావాలి. ఈఎంఐ మాత్రం మారదు గనక నెలవారీ లెక్కలో ఈ తేడా కనబడదు.

మేనకోడలు: మా దగ్గర 26 లక్షలున్నాయి.

మామయ్య: తెలుసు. అందుకే చెప్పించాను.

మేనకోడలు: వాల్యుయర్ 74 అంటే?

మామయ్య: అప్పుడు నా అంచనా తప్పని ఒప్పుకుంటాను. కానీ ఆ మాట పాటకు ముందే తెలియాలి. నువ్వు లోన్ తీసుకోబోయే బ్యాంకు ప్యానెల్‌లోని వాల్యుయర్‌కు ఫీజు కట్టి ముందే రిపోర్టు తెప్పించుకో. పాడాక తెలిస్తే ఎంత నష్టమో విను. పాటకు ముందు ధరావతు పది శాతం, 7 లక్షల 80 వేలు. గెలిచిన రోజునో, మరుసటి పనిదినానికో పాతిక శాతం పూర్తి చెయ్యాలి, అంటే ధరావతుతో కలిపి పందొమ్మిదిన్నర లక్షలు. మిగతా 58 లక్షల 50 వేలు పదిహేను రోజుల్లో. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు మూడు నెలల దాకా సాగుతుంది, ఆపైన లేదు. లోన్ రాలేదనో, తక్కువ వచ్చిందనో కట్టకపోతే కట్టిన పాతిక శాతమూ పోతుంది. ఇంత కఠినమా అని ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2024 ఫిబ్రవరిలో కోర్టు ఆ జప్తు సరైనదేనంది. పందొమ్మిదిన్నర లక్షలంటే నీకు ఎన్నేళ్ల కూడబెట్టు?

మేనకోడలు: అది భయపెట్టే మాటే. కానీ నా భయం వేరే ఉంది. అంతా కట్టాక ఆఖరి నిమిషంలో పాత యజమాని బాకీ తీర్చి ఇల్లు వెనక్కి తీసుకుంటే?

మామయ్య: ఆ విషయంలో నీకు ధైర్యం చెప్పగలను. 2016లో చట్టం మార్చారు. వేలం ప్రకటన వెలువడేలోపే బాకీ తీర్చి విడిపించుకోవాలి. 2023లో సుప్రీంకోర్టు కూడా ఆ గీతను గట్టిగా గీసింది. కాకపోతే పద్ధతి తప్పిందని రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు, అంటే డీఆర్‌టీకి, వెళ్లే హక్కు బాకీదారుకు ఉంది, నలభై ఐదు రోజుల్లో. ముప్ఫై రోజుల నోటీసు సరిగ్గా అందలేదని తేలితే వేలమే రద్దు కావచ్చు. నీ డబ్బు నీకు తిరిగి ఇప్పిస్తారు, కానీ ఈలోగా అది ఇరుక్కుని ఉంటుంది. ఇంతకీ నోటీసులో స్వాధీనం గురించి ఏం రాశారు?

మేనకోడలు: సింబాలిక్ అని ఉంది.

మామయ్య: అంటే గోడకు కాగితం అంటించారంతే. లోపల మనుషులున్నారు.

మేనకోడలు: కింద వాళ్ల కుటుంబమే ఉంది. పైన అద్దెకున్నవాళ్లు. జిల్లా మేజిస్ట్రేట్ ఆర్డరుతో బ్యాంకే ఖాళీ చేయిస్తుందని చెప్పారు. చట్టంలో ముప్ఫై రోజులు, మహా అయితే అరవై అని చదివాను.

మామయ్య: రాసింది అంతే. నేను చూసినవి నెలలు పట్టాయి. అడ్వొకేట్ కమిషనరు రావాలి, పోలీసు తోడు కావాలి, పరీక్షల సీజనని ఒకసారి, ఇంట్లో ముసలావిడకు బాగాలేదని ఇంకోసారి వాయిదా పడుతుంది. పై పోర్షన్‌వాళ్లు తాకట్టుకు ముందునుంచీ ఉన్నామని అద్దె ఒప్పందం చూపిస్తే అదో తగువు. అన్నాళ్లూ నువ్వు ఈఎంఐ కడతావు, విద్యానగర్‌లో అద్దె కూడా కడతావు. నీ 28 వేల మిగులు తాళాలు చేతికొచ్చిన రోజునుంచే మొదలు.

మేనకోడలు: నన్ను నిజంగా ఆపేది అదే మామయ్యా. డబ్బు సంగతి కాదు. ఆ సందులోకి వెళ్లినప్పుడు వాకిట్లో ముగ్గు ఉంది. ఒక పిల్ల స్కూలు యూనిఫాంలో సైకిల్ తుడుచుకుంటోంది. అమ్మ అయితే వద్దే వద్దంది, వాళ్ల ఉసురు తగులుతుందంది.

మామయ్య: అమ్మ మాట తీసిపారెయ్యను. నా ఉద్యోగంలో అలాంటి వాకిళ్ల ముందు నిలబడ్డాను, ఇప్పటికీ కొన్ని గుర్తొస్తాయి. కానీ ఒకటి తెలుసుకో. నువ్వు కొనకపోయినా ఆ ఇల్లు వాళ్లకు మిగలదు. వేలంలో వచ్చిన డబ్బు ఖర్చులకూ బాకీకీ పోగా మిగిలితే అది ఆ యజమానికే ఇవ్వాలని చట్టం. తగిన ధర ఇచ్చి కొన్నవాళ్ల వల్ల ఆ కుటుంబానికి మేలే జరుగుతుంది. వాళ్లతో ఎలా మాట్లాడతావు, ఖాళీ చేసేందుకు గడువిస్తావా, సామాను ఖర్చు నువ్వు పెట్టుకుంటావా అన్నదాంట్లోనే ఉంది నువ్వు భయపడే ఉసురు. రెండు నెలలు గడువిచ్చి, షిఫ్టింగ్‌కు కొంత చేతిలో పెడితే పోలీసు అవసరం లేకుండా ఖాళీ అయిన ఇళ్లు నాకు తెలుసు. ఆ ఖర్చు కూడా ఇంటి ధరలో భాగమే అనుకో.

మేనకోడలు: రెండు నెలలు కాదు, పిల్ల పరీక్షలయ్యేదాకా ఇస్తాను.

మామయ్య: అయితే దాన్నీ లెక్కలో వేసుకో. ఇంటి సంగతికి వద్దాం. నువ్వు చూసిందేమిటి?

మేనకోడలు: బయటినుంచే చూశాను. మూడువైపులా పక్కిళ్ల గోడలే. గాలి, వెలుతురు ముందునుంచి మాత్రమే. కానీ తూర్పు ముఖం. వెనకగదికి పైన గాజుపలక పెట్టి వెలుతురు తెచ్చుకోవచ్చు.

మామయ్య: పైన పోర్షన్ ఉంటే కింది వెనకగదికి పైనుంచి వెలుతురు ఎలా వస్తుంది?

మేనకోడలు: ...అవును.

మామయ్య: గుమ్మం రోడ్డుకంటే ఎత్తులో ఉందా, పల్లంలో ఉందా?

మేనకోడలు: ఒక మెట్టు దిగాలి.

మామయ్య: ఈ సందులన్నిట్లో అదే కథ. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్తది పోస్తారు. పాతికేళ్లలో రోడ్డు పెరుగుతుంది, ఇల్లు పల్లమవుతుంది. గట్టి వానొస్తే డ్రైనేజీ వెనక్కి తంతుంది. హుస్సేన్‌సాగర్ మిగులు నాలా ఆ చుట్టుపక్కలనుంచే పోతుంది. 2020 అక్టోబరు వానలకు ఆ సందులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మూల మీద ఇస్త్రీ బండి అతన్ని అడుగు, అతను చెప్పింది వాల్యుయర్ రిపోర్టులో ఉండదు. గోడ మీద చెమ్మ గీత ఉంటే ఎత్తు కొలువు. శ్లాబు కింద పెచ్చులూడి ఇనుము కనబడుతోందేమో చూడు. స్నానాలగది శ్లాబు ముందు చూడు, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఉమ్మడి గోడ ఎవరిదో దస్తావేజులో చూడు. నాలాకు ఎంత దూరమో కొలిపించు. 2024లో చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక నాలా బఫర్‌లో ఉన్న ఇల్లంటే ఎవరూ ముట్టుకోవడం లేదు. బ్యాంకు తాకట్టు పెట్టుకుంది గదా అన్న ధీమా అక్కడ పనిచెయ్యదు.

మేనకోడలు: స్థలం మాట ఏమంటారు? ఇదే డబ్బుకు ఇదే నల్లకుంటలో పాత ఫ్లాటు కొంటే ముప్ఫై అయిదు గజాలు కూడా నా పేర పడదు, అదీ విడదీయని వాటా. ఇక్కడ అరవై గజాలూ నావే. రేపు కూల్చి కట్టుకోవచ్చు. 75 గజాల లోపు స్థలానికి, రెండంతస్తులకు పర్మిషనే అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు.

మామయ్య: రూపాయితో నమోదు నిజమే. కట్టేటప్పుడు ఇటుకల లారీ ఎక్కడ ఆగుతుంది? పెద్ద రోడ్డు మీద దింపి నెత్తిన మోయించాలి, కూలి రెట్టింపు. సందు వెడల్పు కోసం ముందు కొంత వదలమంటే అరవై గజాల్లో మిగిలేదెంత? స్థలానికి విలువ దాన్ని వాడుకోగలిగినవాడు ఇస్తాడు. ఆ సందులోకి బిల్డరు రాడు. రేపు నువ్వు అమ్మాలన్నా కొనేది ఇద్దరే: గోడ పక్కవాడు, లేదా నీలాంటి జీతగాడు. నీలాంటివాడి దగ్గరా 26 లక్షలే ఉంటాయి.

మేనకోడలు: నేను అమ్మడానికి కొనడం లేదు. కాలేజీకి నడిచి వెళ్తాను. పిల్లాడి బడి దగ్గర. మా అత్తగారికి ఒంట్లో బాగాలేకపోతే విద్యానగర్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆస్పత్రి ఉంది. ఇద్దరం కలిపి రోజుకు మూడు గంటలు బస్సుల్లో గడపకుండా ఉంటాం. శివార్లలో ఇదే డబ్బుకు పెద్ద ఇల్లు వస్తుందని అందరూ అంటారు. ఆ మూడు గంటలకు ఎవరూ ధర కట్టరు. నాకు ఆ ఇల్లు విలువ మీ 62 కంటే ఎక్కువే మామయ్యా. అది నా మొండితనం అనుకోకండి.

ఈ మాటకు మామయ్య దగ్గర మంచి జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఉండటానికి కొనేవాళ్లు బజారు ధరకు పైన కొంత ఇవ్వడం తప్పు కాదని నేను నమ్ముతాను. ఎంత పైన అన్నది చేతిలో ఉన్న డబ్బు చెప్పాలి.

మామయ్య: మొండితనం అనుకోను. సరే, నీకు ఎక్కువ విలువే. కానీ నీకెంత విలువో అంతా ఇవ్వాల్సిన అవసరమేముంది? ఈ ఇల్లు ఇదివరకు పాటకు వచ్చిందా?

మేనకోడలు: వచ్చింది. అప్పుడు 86 అన్నారు. ఎవరూ పాడలేదు.

మామయ్య: మరి ఇంకేం! 86 కాస్తా 78 అయింది. ఈసారీ ఎవరూ రాకపోతే ఇంకా తగ్గుతుంది. మొదటి వేలానికి ముప్ఫై రోజుల నోటీసు కావాలి గానీ, అది విఫలమైతే మళ్లీ వెయ్యడానికి పదిహేను రోజులు చాలు. ఎక్కువ రోజులు ఆగక్కర్లేదు.

మేనకోడలు: ఈలోగా గోడ పక్కవాడు పాడేస్తే?

మామయ్య: పాడొచ్చు. అతనికి 120 గజాలవుతుంది, అతనికి నిజంగానే ఎక్కువ విలువ. నువ్వు అతనితో పోటీ పడి గెలిచినా నష్టపోతావు. చేజారితే చేజారనీ. నీ పై హద్దు ఎంతో ఇవాళే కాగితం మీద రాసి మీ ఆయన చేతికివ్వు. ఆన్‌లైన్ పాటలో ఆఖరి ఐదు నిమిషాల్లో ఎవరైనా అంకె పెంచితే గడువు మళ్లీ సాగుతుంది, చేతులు ఆగవు. నా హద్దు అయితే 56. బజారు ధర 62లోంచి ఖాళీ చేయించడానికీ, పాత బకాయిలకూ, డీఆర్‌టీ ప్రమాదానికీ ఆరు తీసేశాను. కరెంటు బకాయి పాత యజమానిది గదా అనుకోకు. 2023లో సుప్రీంకోర్టు అలాంటి బకాయి తీరిస్తేనే కొత్త కనెక్షన్ ఇస్తామనే అధికారం కరెంటు పంపిణీ సంస్థలకు ఉందని చెప్పింది. ఆస్తిపన్ను, జలమండలి బిల్లు కూడా చూడు.

మేనకోడలు: 56కి నాకు ఎప్పటికీ రాదు. నా హద్దు 64. ఇంటికి 14 లక్షల 40 వేలు, రిజిస్ట్రేషన్ 4 లక్షల 80 వేలు, మరమ్మతులకు ఐదు. 24 లక్షల 20 వేలు. 26లో ఇంకా లక్షా ఎనభై మిగులుతుంది. మీరన్నట్టు ఆ కుటుంబానికి షిఫ్టింగ్ ఖర్చు అందులోంచి ఇస్తాను.

మామయ్య: ఆర్నెల్లు ఈఎంఐ, అద్దె రెండూ కట్టాల్సి వస్తే?

మేనకోడలు: చిట్టీ పాడతాను.

మామయ్య: నాకు ఇంకా ఎక్కువే అనిపిస్తోంది. అరవై దాటకు.

మేనకోడలు: 64 మామయ్యా. ఈ వేలంలో ధరావతు కట్టను. అది మాత్రం మీ మాటే.

మామయ్య: కట్టకపోయినా తనిఖీ రోజున లోపలికి వెళ్లి చూద్దాం. ఎప్పుడన్నారు?

మేనకోడలు: శనివారం పదకొండుకు.

మామయ్య: నేనూ వస్తాను. టేపు, టార్చిలైటు తెచ్చుకుంటాను. నువ్వు మీసేవలో ముప్ఫై ఏళ్ల ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల చిట్టా, తీయించు, బ్యాంకును లింక్ డాక్యుమెంట్ల జిరాక్సులు అడుగు. అడుగున ఉన్న పట్టా ఏదో చూడాలి, సర్కారు స్థలం క్రమబద్ధం చేసిందైతే షరతులుంటాయి. ఆ జిరాక్సులు ఇవ్వం అని బ్యాంకు అంటే ఆ ఇంటి మాట అక్కడితో వదిలెయ్యాలి.

మేనకోడలు: ఇస్తామన్నారు.

మామయ్య: చేతికొచ్చాక చెప్పు.